గెలుపు గుర్రం, కనిపించని పందెగాడు: లారా హిల్లెన్‌బ్రాండ్ ‘సీబిస్కట్’ - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా ఆర్థికమాంద్యకాలపు పందెపు గుర్రం సీబిస్కట్ చరిత్రను లారా హిల్లెన్‌బ్రాండ్ 2001లో గ్రంథస్థం చేశారు. అణగారినవారి ఆశకు ప్రతీకగా ఈ గుర్రాన్ని నిలబెట్టిన ఆ రచన విస్తృతమైన పాఠకాదరణ పొందింది. ఆ ప్రతీక వెనుక ఉన్న పందెపు వ్యవస్థను, అందులో డబ్బు పెట్టిన సామాన్య పందెగాడి స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కథ కీర్తించిన ధైర్యం, చాతుర్యం, మౌనం పందెగాడి వైపునుంచి చూసినప్పుడు వేరే అర్థాన్ని సంతరించుకుంటాయని నిరూపించడం దీని లక్ష్యం. ఇందుకు భారతంలోని నలోపాఖ్యానాన్ని, గుర్రప్పందేలపై భారత సర్వోన్నత న్యాయస్థానం 1996లో ఇచ్చిన తీర్పును తులనాత్మక ఆధారాలుగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: సీబిస్కట్, జీవితచరిత్ర, జూదం, పారిమ్యూచువల్ పద్ధతి, అక్షహృదయం, అశ్వహృదయం.

1. ప్రవేశిక

జంతువు కథానాయకుడైన రచనలో కథకుడికి ఒక సౌలభ్యం ఉంటుంది, ఒక చిక్కూ ఉంటుంది. జంతువు తన మనసు చెప్పుకోలేదు కాబట్టి దానికి ఏ భావాన్నైనా అంటగట్టవచ్చు, ఇది సౌలభ్యం. అలా అంటగట్టిన భావం ఎవరి అవసరం తీరుస్తున్నదో తేల్చడం కష్టం, ఇది చిక్కు. పందెపు గుర్రం విషయంలో ఈ చిక్కు మరింత పెరుగుతుంది. అది పరుగెత్తిన ప్రతిసారీ దాని మీద వేలమంది డబ్బు కాసి ఉంటారు. దాని గెలుపోటములు వాళ్ల గెలుపోటములు కూడా. అయినా విజేత జీవితచరిత్రలో ఆ వేలమంది సాధారణంగా చప్పట్లుగా మాత్రమే వినబడతారు.

‘సీబిస్కట్’ ఈ కోవలో అగ్రగణ్యమైన రచన. ఆ ఏడాది క్రీడాగ్రంథాలకు ఇచ్చే విలియం హిల్ పురస్కారం దీనికి లభించింది. ఆ పురస్కారాన్ని నెలకొల్పినది బ్రిటన్‌లో పందేలు కట్టించుకునే సంస్థ. గ్రంథం విలువను ఈ విషయం తగ్గించదు. గుర్రపు కీర్తికీ పందెపు వ్యాపారానికీ మధ్య ఉన్న బంధం పుస్తకం అట్ట మీద దాకా వచ్చిందని మాత్రం సూచిస్తుంది. ఆ బంధాన్ని గ్రంథం లోపల వెతకడం ఈ వ్యాసం పని.

2. కథ, దాని కట్టుబాటు

సీబిస్కట్ 1933లో పుట్టింది. సుప్రసిద్ధమైన మేన్ ఓ వార్ అనే గుర్రానికి మనుమడు. రెండేళ్ల వయసులోనే దానిని 35 పందేలలో పరుగెత్తించారు. 2,500 డాలర్లు చెల్లిస్తే ఎవరైనా కొనుక్కుపోగల అమ్మకపు పందేలలో నిలబెట్టినా అడిగినవారు లేరు. 1936 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో కార్ల వ్యాపారి చార్లెస్ హవర్డ్ దానిని 8,000 డాలర్లకు కొన్నారు. శిక్షకుడు టామ్ స్మిత్ మితభాషి. జాకీ రెడ్ పొలార్డ్ అదృష్టం కలిసిరాని సవారీదారు. ఈ ముగ్గురి చేతుల్లో పడిన గుర్రం 1938 నవంబరు 1న పిమ్లికో మైదానంలో, అంతకుముందు ఏడాది ట్రిపుల్ క్రౌన్ గెలిచిన వార్ అడ్మిరల్‌ను నాలుగు నిడివుల తేడాతో ఓడించింది. గాయం నుంచి కోలుకుని 1940లో శాంటా అనితా హ్యాండీక్యాప్ గెలిచి విరమించింది. మొత్తం 89 పందేలలో 33 విజయాలు, 4,37,730 డాలర్ల సంపాదన. ఆ సంపాదన అప్పటికి ప్రపంచరికార్డు.

హిల్లెన్‌బ్రాండ్ ఈ వృత్తాంతాన్ని ముగ్గురు మనుషుల కథగా మలచారు. హవర్డ్ 1926లో కన్నకొడుకును ప్రమాదంలో పోగొట్టుకున్న తండ్రి. స్మిత్ కాలం దాటిపోయిన పశ్చిమప్రాంతపు గుర్రాల కాపరి. పొలార్డ్ ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగిన యువకుడు. ముగ్గురూ ఏదో ఒకటి పోగొట్టుకున్నవారు. నాలుగోది ఎవరికీ అక్కర్లేని గుర్రం. నలుగురు భగ్నజీవులు ఒకరినొకరు బాగుచేసుకోవడం గ్రంథానికి కట్టుబాటు. మాంద్యంలో కూలిపోయిన దేశం ఈ నలుగురిలో తనను చూసుకుందని రచయిత్రి ప్రతిపాదన.

ఈ కట్టుబాటు బలమైనది, కానీ పూర్తి నిజం కాదు. సీబిస్కట్ అనామకురాలి కడుపున పుట్టిన అనాథ కాదు. వార్ అడ్మిరల్ మేన్ ఓ వార్ కొడుకు కాబట్టి, వయసులో ఏడాది చిన్నదైనా అది సీబిస్కట్‌కు వరసకు చిన్నాన్న. పిమ్లికోలో తలపడినవి ఒకే వంశపు రెండు శాఖలు. యజమానులిద్దరూ సంపన్నులే. పేదకూ ధనికుడికీ పోటీగా చెప్పబడిన ఆ పందెం నిజానికి ఒక వంశంలోని దాయాదుల పోరు. దానిని వర్గపోరుగా చదివించినది ప్రేక్షకులు, పత్రికలు, తరువాత జీవితచరిత్ర.

3. పందెపు లెక్కలో ‘ప్రజల గుర్రం’

గుర్రాన్ని ప్రజలు ఎంత ప్రేమించారో చెప్పడానికి గ్రంథం రెండు కొలమానాలు వాడుతుంది. మొదటిది 1938లో ఆ గుర్రానికి పత్రికల్లో దక్కిన చోటు. దేశాధినేతలకన్నా ఎక్కువ స్థలం దానికి దక్కిందని పీఠికలోనే రచయిత్రి ప్రకటిస్తారు. రెండవది పిమ్లికో పందేన్ని రేడియోలో విన్నవారి సంఖ్య, సుమారు నాలుగు కోట్లు. ఈ రెండింటికన్నా నమ్మదగిన మూడో కొలమానం పందెపు కిటికీ దగ్గర ఉంది. ఎవరు దేనిని నమ్మారో అక్కడ డబ్బు రూపంలో నమోదవుతుంది.

కాలిఫోర్నియా 1933లో పారిమ్యూచువల్ పద్ధతికి చట్టబద్ధత ఇచ్చింది. మాంద్యంలో ఖజానాకు కొత్త రాబడి వెతుక్కోవలసిన పరిస్థితి దానికి నేపథ్యం. మరుసటి ఏడాది డిసెంబరులో శాంటా అనితా మైదానం తెరుచుకుంది. ఈ పద్ధతిలో బుకీ ఉండడు. అందరి పందేలూ ఒక రాశిగా పోగవుతాయి. మైదానం, ప్రభుత్వం తమ వాటా ముందుగా తీసుకుంటాయి. మిగిలినది గెలిచిన గుర్రం మీద కాసినవాళ్లకు పంచుతారు. ఉదాహరణకు రాశి వంద రూపాయలు, కోత పదిహేను రూపాయలు అనుకుంటే పంచడానికి ఎనభై అయిదు మిగులుతాయి. గెలిచిన గుర్రం మీద నలభై రూపాయలు పడి ఉంటే రూపాయికి రెండు రూపాయల పన్నెండు పైసలు వస్తాయి. డెబ్బై రూపాయలు పడి ఉంటే రూపాయికి ఒక రూపాయి ఇరవై ఒక పైసలే వస్తాయి.

ఈ సామాన్యగణితం గ్రంథంలోని భావోద్వేగానికి ఎదురునిలుస్తుంది. గుర్రాన్ని ఎంత ఎక్కువమంది ప్రేమిస్తే దాని గెలుపు వాళ్లకు అంత తక్కువ ఇస్తుంది. ఓడితే మాత్రం అంత ఎక్కువమంది నష్టపోతారు. 1940లో శాంటా అనితాలో సీబిస్కట్ గెలిచినప్పుడు, దానిమీద కాసినవారికి లాభంగా పెట్టిన మొత్తమైనా చేరలేదు. ఆ రోజు అది అణగారినవారి ప్రతినిధి కాదు. అందరూ ముందే గెలుస్తుందనుకున్న గుర్రం. పిమ్లికోలో పరిస్థితి తారుమారు. జనం డబ్బు వార్ అడ్మిరల్ వైపు మొగ్గింది. దానిమీద నాలుగు డాలర్లు కాస్తే వచ్చే లాభం ఒక డాలరే. సీబిస్కట్ మీద రెండు డాలర్లు కాసినవారికి 6.40 డాలర్లు తిరిగి వచ్చాయి. ప్రజల గుర్రమని చరిత్ర కెక్కిన పందెంలో మైదానానికి వచ్చిన ప్రజల డబ్బు ఎక్కువగా ఎదుటి గుర్రం మీదే ఉంది. అభిమానానికీ నమ్మకానికీ మధ్య ఉన్న ఈ ఎడమే ఆ పందెంలోని అసలు నాటకం. అంకెలు గ్రంథంలో లేకపోలేదు. అవి ఉత్కంఠను పెంచే అలంకారాలుగా ఉన్నాయి. ఆలోచింపజేసే ఆధారాలుగా లేవు.

4. బరువు ఎవరి కోసం?

హ్యాండీక్యాప్ పందెంలో మేలైన గుర్రానికి ఎక్కువ బరువు ఎత్తుతారు. 1938 శాంటా అనితా హ్యాండీక్యాప్‌లో సీబిస్కట్ మోసినది 130 పౌండ్లు. స్టేజ్‌హ్యాండ్ మోసినది 100 పౌండ్లు. ముప్పై పౌండ్ల తేడా ఉన్నా ఫలితం ముక్కు కొస తేడాతో తేలింది. స్టేజ్‌హ్యాండ్ గెలిచింది. గ్రంథంలో ఈ ఓటమి గుర్రపు గుండెనిబ్బరానికి నిదర్శనం. అన్యాయమైన బరువు మోసిన వీరుడి దుఃఖం పాఠకుడిని కదిలిస్తుంది.

ఆ బరువు ఎందుకు పుట్టిందనే ప్రశ్న వేసినప్పుడు దృశ్యం మారుతుంది. ఏ గుర్రం గెలుస్తుందో ముందే తెలిసిన పందేనికి డబ్బు కట్టేవారుండరు. ఫలితాన్ని సందిగ్ధంలో ఉంచడం పందెపు వ్యవస్థకు ప్రాణావసరం. గుర్రపు శ్రేష్ఠతను సీసపు పలకలతో తూచి, తగ్గించి, మిగతావాటితో సమం చేయడం ఆ అవసరానికి పుట్టిన ఉపాయం. సీబిస్కట్ వీపు మీద ఎక్కినది పందెపు రాశి బరువు. రచయిత్రి దానిని విధి పెట్టిన పరీక్షలా వర్ణిస్తారు. విధి స్థానంలో వ్యాపారాన్ని నిలిపి చదివితే గుర్రపు బాధ తగ్గదు. దానికి కారణం మాత్రం స్పష్టమవుతుంది. పిమ్లికోలో రెండు గుర్రాలూ సమానంగా 120 పౌండ్లే మోశాయి. సీబిస్కట్ అంత నిర్ద్వంద్వంగా గెలిచిన పందెం బరువుల తారతమ్యం లేనిది కావడం గమనార్హం.

5. దాచిన కన్ను, మారువేషపు గుర్రం

గ్రంథంలోని అత్యంత మానవీయమైన రహస్యం పొలార్డ్ కుడికన్నుకు సంబంధించినది. సవారీ చేసే తొలిరోజుల్లోనే ఆ కంటికి దెబ్బ తగిలి చూపు పోయింది. తెలిస్తే లైసెన్సు పోతుందని అతడు ఎవరికీ చెప్పలేదు. 1937 శాంటా అనితా హ్యాండీక్యాప్‌లో రోజ్‌మాంట్ వెలుపలి వైపునుంచి, అంటే కుడివైపునుంచి, దూసుకొచ్చి ముక్కు తేడాతో సీబిస్కట్‌ను దాటింది. పొలార్డ్ దానిని సకాలంలో చూడలేకపోయాడని, నిందలు భరించి కూడా నోరు విప్పలేదని రచయిత్రి వివరణ. పాఠకుడి సానుభూతి పూర్తిగా అతని వైపే ఉంటుంది. ఉండవలసిందే. చూపు లేదని చెబితే బతుకుతెరువు పోయే మనిషి మౌనం నేరం కాదు.

అయితే అదే మైదానంలో ఆ రోజు కిటికీ దగ్గర వరసలో నిలబడి, మాంద్యకాలపు రెండు డాలర్లు సీబిస్కట్ మీద కాసిన వ్యక్తి ఉన్నాడు. గుర్రపు వంశం, పాత ఫలితాలు, బరువు, దూరం అతనికి తెలుసు. సవారీదారుకు ఒక కన్ను లేదని తెలియదు. పందెం ఫలితాన్ని నిర్ణయించినదిగా గ్రంథమే చెబుతున్న అంశం అతనికి అందుబాటులో లేదు. పొలార్డ్ ధైర్యగాథలో ఆ వ్యక్తికి ఒక వాక్యమైనా దక్కదు.

టామ్ స్మిత్ విషయం ఇంతకన్నా సూటిగా ఉంటుంది. గుర్రం సాధన చూడడానికి వచ్చే పత్రికలవాళ్లను, గడియారాలు పట్టుకుని వేగం లెక్కించేవాళ్లను తప్పించుకోవడానికి అతడు వేళగాని వేళల్లో సాధన చేయించాడు. సీబిస్కట్‌ను పోలిన గ్రాగ్ అనే గుర్రాన్ని చూపించి వాళ్లను నమ్మించాడు. ఈ ఘట్టాలు గ్రంథంలో హాస్యరసస్ఫోరకంగా ఉన్నాయి. మూగనోముపట్టిన ముసలి శిక్షకుడు వాచాలురైన విలేకరులను ఏమార్చడం చదవడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ వేగం లెక్కించేవాడు నమోదు చేసే అంకె పందెగాడి దినపత్రికలో అచ్చయ్యే అంకె. అతడిని ఏమార్చడమంటే ఆ పత్రిక కొన్నవారందరినీ ఏమార్చడం. స్మిత్ ఉద్దేశం అది కాకపోవచ్చు. ఎక్కువ బరువు తప్పించుకోవడం, గుర్రానికి ప్రశాంతత కల్పించడం అతని ఉద్దేశాలు కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే: లోపలివారికి తెలిసినది బయటివారికి తెలియలేదు.

ఈ విధంగా గ్రంథంలోని వీరరసానికి ఆలంబనాలు రెండూ దాచిన సమాచారమే. ఒకటి కరుణతో, మరొకటి హాస్యంతో ఆవరించి ఉండడం వల్ల వాటి నైతికపార్శ్వం పాఠకుడి దృష్టికి రాదు.

6. అశ్వహృదయం, అక్షహృదయం

గుర్రాన్నీ జూదాన్నీ ఒకే కథలో పెనవేసిన ప్రాచీన భారతీయ వృత్తాంతం నలోపాఖ్యానం. నన్నయ ఆరణ్యపర్వం ద్వారా తెలుగు పాఠకులకు ఇది సుపరిచితం. పాచికలాటలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడిగా ఋతుపర్ణుడి దగ్గర సారథ్యం చేస్తాడు. విదర్భకు వెళ్లే దారిలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టి చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్కించి సరిచూసుకుంటాడు. తాండ్రకాయలు ప్రాచీనకాలంలో పాచికలు కూడా. నలుడు అశ్వహృదయం ఇవ్వడానికి ఒప్పుకుని ఋతుపర్ణుడి నుంచి అక్షహృదయం గ్రహిస్తాడు. ఆ విద్య అందిన క్షణంలోనే అతని దేహాన్ని పట్టి ఉన్న కలి బయటికి వస్తాడు.

ఈ వృత్తాంతంలో మూడు అంశాలు ప్రస్తుత పరిశీలనకు పనికివస్తాయి. మొదటిది, గుర్రపు జ్ఞానం, జూదపు జ్ఞానం రెండూ సమానమైన విద్యలుగా, మార్పిడికి తగినవిగా కనిపిస్తాయి. ‘సీబిస్కట్’లో గుర్రపు జ్ఞానానికి మహత్తు ఉంది; పందెపు జ్ఞానానికి పేరు కూడా లేదు. రెండవది, నలుణ్ణి ఓటమి నుంచి విడిపించినది ధైర్యం కాదు, లెక్క. తెలియనివాడు ఆడినప్పుడు కలి పీడిస్తాడు, తెలిసినప్పుడు వదిలిపోతాడు. మూడవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, ఆ కథను బృహదశ్వుడు ఎవరికి చెబుతున్నాడన్నది. శ్రోత ధర్మరాజు, జూదంలో సర్వస్వం ఓడి అడవిలో ఉన్నవాడు. కథ ఓడినవాడి చెవిలో పడుతున్నది. అందువల్ల ఓడినవాడికి ఏం కావాలన్న ప్రశ్నను అది తప్పించుకోలేదు. చివరికి ధర్మరాజుకు ఆ అక్షవిద్య అందుతుంది కూడా.

నలోపాఖ్యానం జూదాన్ని నిరాకరించే కథ కాదు. నలుడు మళ్లీ పుష్కరుడితో ఆడి గెలుస్తాడు. దాని గొప్పతనం నిషేధంలో లేదు. ఓడినవాడిని శ్రోతగా కూర్చోబెట్టడంలో ఉంది. పలనాటి వీరచరిత్రలో కోడిపందెం కూడా ఇలాంటిదే. పుంజుల పోరు క్షణాల్లో ముగుస్తుంది. ఓడినవారు మాచర్ల విడిచి ఏడేళ్లు వలసపోవడం మీద కథ నిలబడుతుంది. పోరాడిన జంతువు కన్నా పందెం కట్టి నష్టపోయిన మనుషుల గతి ఆ కథకు ముఖ్యం. ‘సీబిస్కట్’ శ్రోత వేరు. ఏమీ కాయకుండా, ఫలితం ముందే తెలిసి చదివే పాఠకుడు దానికి శ్రోత. అతడికి ఓటమి లేదు కాబట్టి కథకు ఓడినవారితో పని లేదు.

7. నైపుణ్యమన్న ఊహ

ఈ చర్చ సాహిత్యానికే పరిమితం కాదు. తమిళనాడుకు సంబంధించిన కె.ఆర్. లక్ష్మణన్ వ్యాజ్యంలో భారత సర్వోన్నత న్యాయస్థానం 1996లో గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యక్రీడ అని తేల్చింది. అందుకు ఆధారాలలో ఒకటి, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటపై 1968లో వచ్చిన సత్యనారాయణ తీర్పు. గుర్రం సామర్థ్యం, ఆరోగ్యస్థితి, జాకీ నేర్పు, మోసే బరువు, పరుగు దూరం పందెం కట్టేవారు బేరీజు వేసుకోగల వాస్తవాలని న్యాయస్థానం భావించింది. అదృష్టాన్ని నమ్ముకున్న జూదానికీ గుర్రప్పందేనికీ తేడా అక్కడే ఉందని దాని తర్కం. హైదరాబాద్ మలక్‌పేట మైదానంతో సహా దేశంలోని రేసుకోర్సుల చట్టబద్ధతకు ఈ తర్కమే దన్ను.

హిల్లెన్‌బ్రాండ్ గ్రంథాన్ని ఈ తీర్పు పక్కన పెట్టి చదివితే అనుకోని ప్రయోజనం సిద్ధిస్తుంది. తీర్పు జాబితాలో జాకీ నేర్పు ఉంది. గ్రంథం జాకీ కన్ను దాచిన వైనం చెబుతుంది. తీర్పు జాబితాలో గుర్రం స్థితి ఉంది. గ్రంథం గుర్రాన్నే మార్చి చూపిన వైనం చెబుతుంది. ఒక దేశపు ఉదాహరణతో మరో దేశపు తీర్పును తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. నైపుణ్యం ఉండడం వేరు, ఆ నైపుణ్యానికి కావలసిన సమాచారం అందడం వేరు అన్న తేడాను గ్రంథం తెలియకుండానే స్పష్టపరుస్తుంది. యజమాని, శిక్షకుడు, జాకీలకు గుర్రప్పందెం నైపుణ్యమే. కిటికీ దగ్గర నిలబడినవాడికి అది ఎంతవరకు నైపుణ్యమో, ఎంతవరకు ఇతరుల రహస్యాల మీద వేసిన పాచికో ఆలోచించవలసి ఉంటుంది.

8. గ్రంథం బలం, చలనచిత్రం బలహీనత

పై ఆక్షేపణలు గ్రంథం విలువను కొట్టివేయవు. జాకీల జీవితాన్ని వర్ణించిన అధ్యాయాలు క్రీడాసాహిత్యంలో అరుదైనవి. బరువు తగ్గడానికి వాళ్లు పడిన ఆకలి, పడిపోయి విరిగిన ఎముకలు, ఆదుకునే వ్యవస్థ లేని దైన్యం నిశితంగా కనిపిస్తాయి. పందెపు వ్యవస్థ శ్రామికుడి శరీరాన్ని ఎలా వాడుకున్నదో రచయిత్రి దాచలేదు. ఆమె దృష్టి దేహం మీద నిలిచినంతగా డబ్బు మీద నిలవలేదు. దీర్ఘకాలిక అనారోగ్యంతో బాధపడుతూ ఈ గ్రంథం రాసిన రచయిత్రికి దేహవేదన పట్ల అంతటి సూక్ష్మగ్రహణం ఉండడం సహజం.

గేరీ రాస్ దర్శకత్వంలో 2003లో వచ్చిన చలనచిత్రం ఈ సమతూకాన్ని కోల్పోయింది. మాంద్యకాలపు ఛాయాచిత్రాలను, చరిత్రకారుడు డేవిడ్ మెకల్లో స్వరాన్ని జోడించి గుర్రాన్ని జాతి పునరుత్థానానికి రూపకంగా మార్చింది. గ్రంథంలో జాకీల ఆకలికి దొరికిన నిడివి తెరమీద తగ్గింది, ఆశావాదం పెరిగింది. మూలంలో సగం మరుగునపడిన పందెగాడు తెరమీద హర్షధ్వానంగా కరిగిపోయాడు.

9. ముగింపు

‘సీబిస్కట్’ గెలుపు కథగా చదివినప్పుడు సంపూర్ణంగా ఉంటుంది. పందెపు కథగా చదివినప్పుడు ఒక పాత్ర లోపిస్తుంది. పందెగాడు లేకుండా శాంటా అనితా మైదానం లేదు, హ్యాండీక్యాప్ బరువు లేదు, లక్ష డాలర్ల బహుమతి లేదు. ఆ గుర్రాన్ని విజేతగా నిలిపిన వ్యవస్థకు ఖర్చు భరించినది అతడు. కథ అతనికి ఆశను పంచినట్లు చెబుతుంది, అతని నుంచి తీసుకున్నదేమిటో చెప్పదు.

క్రీడాజీవితచరిత్రలను పరిశీలించే పరిశోధకులకు దీనినుంచి ఒక పఠనపద్ధతి లభిస్తుంది. విజేత చరిత్రలో కీర్తించిన ప్రతి రహస్యాన్నీ అది ఎవరికి తెలియలేదన్న వైపునుంచి తిరిగి చదవాలి. తెలుగునాట సంక్రాంతి కోడిపందేల మీద, రేసుకోర్సుల మీద, నేటి ఆన్‌లైన్ ఆటల మీద వస్తున్న రచనలకూ ఈ పద్ధతి వర్తిస్తుంది. ఓడి కూర్చున్న ధర్మరాజును శ్రోతగా ఊహించుకుని రాసిన పందెపు కథకు, గెలుపు చూసి చప్పట్లు కొట్టే ప్రేక్షకుడి కోసం రాసిన కథకు మధ్య ఉన్న దూరం రచనాశిల్పానికి సంబంధించినది మాత్రమే కాదు. ఎవరి నష్టాన్ని సాహిత్యం లెక్కలోకి తీసుకుంటుందన్న విలువల ప్రశ్న అది.